మానాలనుకున్న మొదటి వారం: పాఠకుల ప్రశ్నలకు మానసిక వైద్యురాలి సమాధానాలు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా తాగుడు మానడం గురించి, మాన్పించడం గురించి ఉన్నాయి. కార్తీకమాసం దగ్గరపడే కొద్దీ ఇలాంటి ఉత్తరాలు పెరగడం ఏటా చూస్తున్నదే. మన ఇళ్ళలో చాలామంది మగవాళ్ళు మానుకోవడానికి పెట్టుకునే ముహూర్తం అదే. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. రాసినవారిని గుర్తుపట్టే వివరాలను తీసివేశాను.

ప్రశ్న: మా ఆయనకు 46 ఏళ్ళు, తాపీమేస్త్రి. మూడేళ్ళ నుంచి పొద్దున్నే కొంత పడితే గాని చేతిలో తాపీ నిలవడం లేదు. రోజుకు మూడు క్వార్టర్లకు తక్కువ తాగరు. కిందటేడు కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నారు. ముందు రోజు రాత్రి దాకా తాగి, తెల్లవారి మాల వేసుకుని, పూర్తిగా ఆపేశారు. రెండో రోజు సాయంత్రం భజనలో కూర్చుని ఉండగా ఫిట్స్ వచ్చి పడిపోయారు. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు సెలైన్ ఎక్కించారు. ఆ రాత్రంతా గోడ మీద చీమలు పాకుతున్నాయని, ఎవరో పిలుస్తున్నారని లేచి పరుగెత్తారు. ఏదో అపచారం జరిగిందని మా అత్తగారు మాల తీయించారు, ఆ సాయంత్రమే మళ్ళీ తాగారు. ఈ ఏడు మళ్ళీ మాల వేసుకుంటానంటున్నారు. వేసుకోనివ్వాలా, వద్దా?
(ఒక సోదరి, పల్నాడు జిల్లా)

జవాబు: అమ్మా, ముందుగా మీ అత్తగారికి ఈ మాట చదివి వినిపించండి. ఆ రోజు జరిగినదానిలో అపచారమేమీ లేదు. మీ ఆయన నియమాన్ని అక్షరాలా పాటించారు, అందువల్లే పడిపోయారు. ఏళ్ళ తరబడి పొద్దున్నుంచి రాత్రి దాకా మద్యానికి అలవాటుపడిన శరీరానికి అది ఒక్కసారిగా అందకుండా పోతే వచ్చే ప్రమాదాలలో ఫిట్స్ ఒకటి. ఆ రాత్రి గోడ మీద చీమలు కనిపించడం దాని కొనసాగింపే.

మద్యం మెదడును మందగింపజేస్తుంది. రోజూ ఆ ఒత్తిడి ఉన్నప్పుడు మెదడు దానికి ఎదురు నిలబడటానికి తనను తాను ఎక్కువ ఉద్రేకంలో ఉంచుకోవడం నేర్చుకుంటుంది. ఒక తలుపును బయటినుంచి ఒకరు, లోపలినుంచి ఒకరు సమానమైన బలంతో తోస్తున్నంతసేపూ అది కదలదు. బయటివాడు హఠాత్తుగా చెయ్యి తీసేస్తే లోపలివాడి బలానికి తలుపు విరుచుకుపడుతుంది. మీ ఆయన విషయంలో ఆ బయటి చెయ్యి చాలా బరువైనది. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీలలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో అది దాదాపు 60 గ్రాములు. రోజుకు మూడు క్వార్టర్లంటే 180 గ్రాములు. అంతటి అలవాటును ఒక్క రాత్రిలో ఆపగల గుండె నిబ్బరం ఆయనకు ఉండటం గొప్ప విషయమే, కాని మెదడుకు సర్దుకునే వ్యవధి కావాలి. ఆ వ్యవధిని మందులే ఇవ్వగలవు.

చివరిసారి తాగిన తర్వాత ఆరు నుంచి పన్నెండు గంటలలో చేతుల వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. చాలామందికి ఇవి రెండు మూడు రోజులలో తగ్గుముఖం పడతాయి. ఫిట్స్ వచ్చేవారికి సాధారణంగా మొదటి 48 గంటలలోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరిలో డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది: మనిషి ఎక్కడున్నాడో మరచిపోతాడు, లేనివి కనిపిస్తాయి, జ్వరం, రక్తపోటు పెరుగుతాయి. చికిత్స అందకపోతే ఇది ప్రాణాంతకం కాగలదు. మీరు రాసినదాన్ని బట్టి మీ ఆయన కిందటేడు ఆ అంచు దాకా వెళ్ళి వచ్చారు. ఒకసారి ఫిట్స్ వచ్చినవారికి మరుసటిసారి మందులు లేకుండా ఆపితే మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ, తీవ్రత కూడా పెరగవచ్చు.

అందుచేత మీ ప్రశ్నకు నా సమాధానం: మాల వేసుకోనివ్వండి, కాని మాలకు కనీసం పది రోజుల ముందు ఆయనను ఆసుపత్రిలో చేర్చండి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, మీకు అది దగ్గర. ఉదయం ఓపీ వేళకు వెళ్ళి, రోజుకు ఎంత తాగుతున్నారు, చివరిసారి ఎప్పుడు తాగారు, కిందటేడు ఫిట్స్ ఏ రోజు వచ్చాయి అన్న మూడు సంగతులూ మొదటే చెప్పండి. ఇల్లు కదిలే రోజు దాకా ఆయన చేత బలవంతంగా ఆపించకండి. ఇన్నాళ్ళూ మానమని బతిమాలిన భార్యతో ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది. అయినా ఇంట్లో సీసా దాచి గది తలుపు వేయడం కన్నా, చేర్చే రోజు దాకా రోజూ తాగే మోతాదు పెరగకుండా చూసుకోవడమే క్షేమం.

వార్డులో ఏం జరుగుతుందో తెలిస్తే ఆయనకూ భయం తగ్గుతుంది. నర్సు కొన్ని గంటలకొకసారి మంచం దగ్గరికి వచ్చి, చేతులు ముందుకు చాపి వేళ్ళు విడదీయమంటుంది. వేళ్ళ కొనలు ఎంత వణుకుతున్నాయో చూస్తుంది, నుదుటి మీద చెమట, అరచేతుల తడి చూస్తుంది. వికారంగా ఉందా, ఒంటి మీద ఏదైనా పాకుతున్నట్లుందా, దీపం వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటోందా, ఈ రోజు ఏ వారం అని అడుగుతుంది. ఒక్కొక్కదానికి ఒక అంకె వేసి కూడుతుంది; ఆ మొత్తాన్ని బట్టి క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందు ఎంత ఇవ్వాలో వైద్యులు నిర్ణయిస్తారు. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి దాని బదులు లొరాజెపామ్ ఇస్తారు. మొదటి రెండు రోజులు మోతాదు ఎక్కువగా ఉంటుంది, తర్వాత రోజు రోజుకూ తగ్గించి వారం పది రోజులలో పూర్తిగా ఆపేస్తారు. ఈ మాత్రలను ఇంటికి తెచ్చుకుని ఇష్టం వచ్చినట్లు వాడితే అవే కొత్త అలవాటు అవుతాయి గనుక చీటీ మీద రాసిన తేదీకి ఆపించే బాధ్యత మీరు తీసుకోవాలి.

కిందటేడు ఎక్కించిన సెలైన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఊళ్ళలో ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. ఏళ్ళ తరబడి తాగి, సరిగా తినని మనిషి ఒంట్లో థయమిన్, అంటే విటమిన్ బి1, అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే ఉన్న కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. కనుగుడ్లు సరిగా కదలకపోవడం, అడుగు తూలడం, మతి తప్పడం దాని గుర్తులు. సకాలంలో పట్టుకోకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండని 40 ఏళ్ళ మనుషులను వార్డులో చూస్తుంటాము. కాబట్టి ఎవరు సెలైన్ పెట్టబోయినా ముందు బి1 ఇంజక్షన్ ఇచ్చారా అని అడగడానికి మొహమాటపడకండి.

పది రోజుల చికిత్స పూర్తయ్యాక మాల వేసుకుంటే దీక్ష ఆయనకు ఎంతో మేలు చేస్తుందని నా నమ్మకం. మాలలో ఉన్నవారిని అందరూ స్వామీ అని పిలుస్తారు, తాగుదాం రమ్మని ఒక్క స్నేహితుడూ పిలవడు, సాయంత్రం పూట వెళ్ళడానికి ఒక చోటు, కూర్చోవడానికి నలుగురు మనుషులు ఉంటారు. మానిన మొదటి నెలలలో ఇంతకు మించిన రక్షణ ఏ ఆసుపత్రీ ఇవ్వలేదు. అయితే తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం ఆయన ఒంటికి సరిపడతాయో లేదో వైద్యులను అడిగి, గురుస్వామికి ముందే చెప్పి సడలింపు తీసుకోండి. రాసిచ్చిన మాత్రలు దీక్షకు అడ్డమని చెప్పిన గురుస్వామి నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఇక నేను ఎక్కువగా భయపడేది 41వ రోజు గురించి. శబరిమల నుంచి తిరిగి వస్తూ రైలు దిగిన స్టేషన్ బయటే తాగినవారున్నారు. మాల తీసే తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి, ఆ మరునాటికే మళ్ళీ వైద్యులను కలిసేలా చీటీ రాయించుకోండి. కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులున్నాయి. కాలేయ పరీక్ష చూసి ఏది సరిపోతుందో వైద్యులు చెబుతారు. ఈలోగా ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా, మనిషి మతి తప్పి మాట్లాడినా, వాంతులు ఆగకపోయినా 108కి ఫోన్ చేయండి. తెల్లవారనిద్దామని ఆగకండి.

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్ళు, బీడీలు చేస్తుంది. మా ఊళ్ళో ఆడవాళ్ళు కూడా సాయంత్రం కల్లు తాగుతారు, ఎవరూ తప్పుగా చూడరు. ఎక్సైజ్ దాడుల తర్వాత దుకాణం మూతపడి నాలుగు రోజులైంది. అమ్మకు నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి, నిన్నటి నుంచి చనిపోయిన మా నాయనతో మాట్లాడుతోంది. పక్క ఊరి నుంచి కల్లు తెచ్చి పోస్తే తగ్గుతుందని మా మేనమామ అంటున్నాడు. కల్లుకు కూడా ఇంతగా అలవాటు పడతారా?
(ఒక పాఠకుడు, కామారెడ్డి జిల్లా)

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే అమ్మను వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళమని మీకు కబురు పంపాము. ఇదే స్థితిలో ఉన్న ఇతర కుటుంబాల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చెట్టు నుంచి దించిన కల్లులో ఆల్కహాల్ తక్కువే. దానివల్ల ఇంత తీవ్రమైన స్థితి రావడం అరుదు. అయితే దుకాణాలలో అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రజోలమ్, డయాజెపామ్ వంటి నిద్రమాత్రల పొడిని, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు రసాయనాన్ని కలుపుతున్నారన్నది తెలంగాణలో ఎన్నో కేసులలో బయటపడిన విషయం. చెట్లు తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువ అయిన చోట నీళ్ళకు మత్తు తెప్పించడానికి చేసే పని ఇది. మీ అమ్మ తనకు తెలియకుండానే ఏళ్ళ తరబడి నిద్రమాత్రలు మింగుతూ వచ్చింది, ఇప్పుడు అవి ఆగిపోయాయి. 2015లో కల్తీ కల్లు మీద గట్టి దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులు ఇలాంటివారితోనే నిండిపోయాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన వారంలోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఓపీ ముందు మద్యం, కల్లు దొరకని కుటుంబాలు బారులు తీరాయి. కల్తీని పట్టుకోవడం అవసరమే, దానిని నేను తప్పుపట్టను. కాని దుకాణానికి సీలు వేసిన రోజునే ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు వెళ్ళి, డాక్టరూ మందులూ సిద్ధంగా ఉండే ఏర్పాటు లేకపోతే దాని భారం మీ అమ్మ వంటి వాళ్ళ మీద పడుతుంది.

మీ మేనమామ సలహా ప్రేమతో చెప్పినదే అయినా పాటించకండి. ఏ దుకాణంలో ఏ పొడి ఎంత కలిపారో కలిపినవాడికి కూడా సరిగా తెలియదు. పక్క ఊరి సీసాలో రెట్టింపు ఉంటే అమ్మ ఊపిరి మందగించి స్పృహ తప్పవచ్చు. ఆసుపత్రిలో ఇదే కోవకు చెందిన మందును కొలిచి ఇచ్చి, కొన్ని వారాల పాటు మెల్లగా తగ్గిస్తారు. మద్యానికి వారం పది రోజులు చాలవచ్చు గాని నిద్రమాత్రల అలవాటుకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, తొందరపెట్టకూడదు. పైగా 62 ఏళ్ళ మనిషి మతి తప్పి మాట్లాడుతున్నప్పుడు మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, తలకు దెబ్బ తగలడం వంటి కారణాలు కూడా ఉండవచ్చు కాబట్టి రక్తపరీక్షలు తప్పనిసరిగా చేయించండి. అమ్మను తిట్టకండి. ఆమె తాగింది కల్లనుకునే.

ప్రశ్న: మా బావగారు తాగి అక్కను కొడుతున్నారు. అన్నంలో తెలియకుండా కలిపితే తాగుడు మీద అసహ్యం పుట్టే పొడి ఉందని ఒక ప్రకటన చూశాను. అది పని చేయకపోతే రాత్రివేళ వ్యాను పంపి మనిషిని ఎత్తుకువెళ్ళే కేంద్రం ఒకటి ఉందని తెలిసింది, ఆరు నెలలు బయటికి వదలరట. ఏది మేలు?
(ఒక తమ్ముడు, కర్నూలు)

జవాబు: రెండూ వద్దు. ఊరూ పేరూ లేని పొడులలో ఏముంటుందో కొన్నవాళ్ళకు తెలియదు, కొన్నిటిలో డైసల్ఫిరామ్ ఉండవచ్చు. అది వైద్యంలో నిజంగానే వాడే మందు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. గుండెజబ్బు ఉన్నవారికి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రోగికి అన్నీ వివరించి, ఒప్పుకుని సంతకం పెట్టాకే, ఇంట్లో ఒకరి పర్యవేక్షణలో ఇస్తాము. తెలియకుండా పెట్టడమంటే, ఎప్పటిలాగే సాయంత్రం తాగబోయే మనిషికి విషం పెట్టినంత పని. ఏదో ఒక రోజు అది బయటపడితే ఆయన మీ అక్క చేతి అన్నం కూడా తినడు, ఆ తర్వాత ఏ మాత్రా మింగడు.

ఎత్తుకువెళ్ళే కేంద్రం సంగతికి వస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుంది. మనిషి తనకు తాను ఒప్పుకుని చేరడమే ఆ చట్టం కోరే మొదటి మార్గం. తీవ్రమైన స్థితిలో, తన మేలు తాను నిర్ణయించుకోలేనప్పుడు, వైద్యులు పరీక్షించి, ఆయన తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద 89వ సెక్షను కింద చేర్చుకోవచ్చు. అప్పుడు కూడా మొదటి గడువు 30 రోజులకు మించదు. గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షను పూర్తిగా నిషేధించింది. ఆరు నెలలు మనిషిని చూడనివ్వని చోట రెండో రోజు రాత్రి ఫిట్స్ వస్తే చూసే డాక్టరు ఉన్నారా అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదయిందా, కుటుంబం వారానికొకసారైనా కలవవచ్చా, రోగి ఫోన్ చేసుకోవచ్చా, మందుల చీటీ మీ చేతికి ఇస్తారా అని కూడా అడగండి. జవాబు చెప్పడానికి తడబడే చోట బావగారిని దించకండి.

అక్కను కొట్టడం వేరే విషయం, దానికి తాగుడు సంజాయిషీ కాదు. ఆయన చికిత్సకు ఒప్పుకునే దాకా అక్క దెబ్బలు తింటూ ఆగవలసిన అవసరం లేదు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయమనండి, అవసరమైతే కొన్నాళ్ళు మీ ఇంటికి తీసుకురండి. ఇక బావగారితో మాట్లాడటానికి ఆయన తాగి ఉన్న రాత్రివేళ పనికిరాదు. తెల్లవారి చేతులు వణుకుతూ, తల బరువెక్కి, తన మీద తనకే విసుగు పుట్టే గంట ఒకటి ఉంటుంది. నలుగురు కలిసి పంచాయితీ పెట్టకుండా, ఆయన గౌరవించే ఒక్క మనిషి ఆ వేళ వెళ్ళి, "ఆసుపత్రికి నేను తోడు వస్తాను, ఈ రోజే వెళ్దాం" అని అడిగితే వినే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: నా వయసు 31, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారాంతాల్లో బీరుతో మొదలై ఇప్పుడు రోజూ రాత్రి క్వార్టర్, ఒక్కోసారి అంతకు మించి అవుతోంది. ఉదయం పది గంటల మీటింగులో చేతులు వణుకుతున్నాయని కెమెరా ఆపేస్తున్నాను. నిద్ర కోసం మెడికల్ షాపులో ఆల్ప్రజోలమ్ కొంటున్నాను. నాకు డిటాక్స్ అవసరమా? ఆఫీసులో తెలుస్తుందా? ఇన్సూరెన్స్ వస్తుందా?

జవాబు: ఉదయం వణుకు ఉందంటే మీ శరీరం మద్యానికి అలవాటుపడిందనే అర్థం. అలా అలవాటుపడిన శరీరం దానిని వైద్యుల పర్యవేక్షణలోనే ఆపాలి. డిటాక్స్ అంటే అదే. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ మాత్ర. మద్యం, ఆల్ప్రజోలమ్ రెండూ ఊపిరిని మందగింపజేసేవే. రెండూ కలిసిన రాత్రి నిద్రలోనే ప్రాణం పోయినవారున్నారు. అలాగని రెండింటినీ ఈ రోజే ఆపేయకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఈ వారంలోనే ఒక మానసిక వైద్యుడిని కలిసి రెండింటి మోతాదూ దాచకుండా చెప్పండి. ఇదివరకు ఫిట్స్ రానివారు, పెద్ద జబ్బులు లేనివారు, ఇంట్లో తోడుగా ఒకరు ఉన్నవారు రోజూ వైద్యుడికి కనిపిస్తూ ఇంటి నుంచే డిటాక్స్ చేసుకోవడానికి వీలుంటుంది. ఒంటరిగా అద్దె గదిలో ఉంటే మాత్రం చేరడమే మంచిది. మీరు మాత్ర కూడా వాడుతున్నారు కాబట్టి ఏది సరైనదో వైద్యుడినే నిర్ణయించనివ్వండి.

ఆఫీసుకు మీరు చెబితే తప్ప తెలియదు. వైద్య వివరాల గోప్యత పైన చెప్పిన చట్టమే మీకు ఇచ్చిన హక్కు. సెలవు కోసం ఇచ్చే సర్టిఫికెట్‌లో జబ్బు పేరు రాయకుండా ఇవ్వమని వైద్యుడిని అడగవచ్చు. ఇన్సూరెన్స్ విషయంలో ఆశ పెట్టుకోకండి. మానసిక వ్యాధులకు ఇతర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని చట్టం చెబుతున్నా, మద్యం, మత్తు పదార్థాల అలవాటుకు చేసే చికిత్సను చాలా పాలసీలు మినహాయింపుల జాబితాలోనే ఉంచాయి. మీ పాలసీ కాగితాలలో ఆ జాబితా చూసుకోండి. ఖర్చుకు భయపడితే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అక్కడికి వెళ్ళడం నామోషీ అనుకోకండి, ఈ చికిత్సలో వాడే మందులు ఖరీదైనవి కావు.

మీకున్న అలవాటు ఏ మెట్టు మీద ఉందో మీరే చూసుకోవాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. 40కి 8 గాని అంతకు మించి గాని వస్తే తాగుడు హాని చేసే స్థాయిలో ఉన్నట్లు, 20 గాని అంతకు మించి గాని వస్తే బానిసత్వం ఉందేమోనని పూర్తిగా పరీక్షించాలి. మీరొక్కరే ఇలా ఉన్నారని అనుకోవడం వల్ల కెమెరా ఆపేస్తున్నారు. 2019లో ఎయిమ్స్ నిపుణులు వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సహాయం అందుతోంది. మీరు ఉత్తరం రాశారు, ఆ ఒక్కరు కావడానికి ఇంకొక్క అడుగే ఉంది. వెళ్ళే దాకా ధైర్యం చాలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మత్తు అలవాట్ల కోసమే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446.

ప్రశ్న: మా అబ్బాయికి 28. నెల రోజులు డీ-అడిక్షన్ కేంద్రంలో ఉండి వచ్చాడు. నాలుగు నెలలు బాగున్నాడు. మొన్న స్నేహితుడి పెళ్ళిలో తాగి వచ్చాడు, అప్పటి నుంచి రోజూ తాగుతున్నాడు. పెట్టిన డబ్బంతా నీళ్ళపాలేనా?
(ఒక తల్లి, రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, నీళ్ళపాలు కాలేదు. నాలుగు నెలలు తాగకుండా ఉండగలడని అతనికీ మీకూ ఇప్పుడు తెలుసు, ఆ నాలుగు నెలలలో కాలేయం, నిద్ర, ఆకలి కుదుటపడ్డాయి. మళ్ళీ తాగడం ఈ జబ్బులో తరచుగా జరిగేదే. చక్కెర వ్యాధి, రక్తపోటు మందులు కూడా చాలామంది మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెడతారు. డిటాక్స్ శరీరాన్ని మద్యం నుంచి విడదీస్తుంది, అంతవరకే దాని పని. పెళ్ళి పందిట్లో చేతికి గ్లాసు అందించినప్పుడు ఏం చెప్పాలో, జీతం పడిన సాయంత్రం ఏ దారిన ఇంటికి రావాలో, నిద్రపట్టని రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ఆ నెల రోజులలో అతనికి నేర్పారా లేదా అన్నది కనుక్కోండి. చాలాచోట్ల నేర్పరు, ఇంటికి పంపేటప్పుడు తర్వాత రావలసిన తేదీ కూడా రాయరు.

ఇప్పుడు రోజూ తాగుతున్నాడు కాబట్టి మళ్ళీ ఆపేటప్పుడు కూడా వైద్యుల సలహా కావాలి; మొదటిసారి ఏమీ కాలేదని ఈసారి ఇంట్లోనే ఆపించకండి. ఈసారి ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగే మందుల గురించి అడగండి, నెలకొకసారి మీరూ వెంట వెళ్ళండి. ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాల గురించి కూడా విచారించండి. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో తాగుడుతో చితికిపోయిన ఒక స్టాక్ బ్రోకరు, ఒక డాక్టరు కలిసి మొదలుపెట్టిన సంఘమది, మన రాష్ట్రాలలో తెలుగులోనే సమావేశాలు జరుగుతాయి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. తనలాగే తాగి, తనలాగే మళ్ళీ జారి, ఇప్పుడు పదేళ్ళుగా తాగకుండా ఉన్న మనిషి పక్క కుర్చీలో కూర్చుని మాట్లాడితే కలిగే నమ్మకం నా వంటి డాక్టరు మాటలకు రాదు. మొదటి సమావేశం నచ్చకపోతే మరో రెండు మూడు చూసి నిర్ణయించుకోమనండి.

మీ కోసం కూడా ఒక మాట. తాగేవారి కుటుంబాల కోసం అల్-అనాన్ అనే సంఘం వేరుగా ఉంది. అతని జేబులు వెతకడం, సీసాలు పారబోయడం, అప్పులవాళ్ళకు సర్దిచెప్పడం మీరు నిలిపివేయవచ్చు. చేతికి నగదు ఇవ్వకండి, భోజనం మాత్రం పెట్టండి. కేంద్రంలో ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు, పాత మందుల చీటీలు ఒక సంచిలో పెట్టి ఉంచండి. వచ్చే సోమవారం ఓపీకి వెళ్ళేటప్పుడు అవి మీ చేతిలో ఉంటే డాక్టరు మళ్ళీ మొదటి నుంచి అడగనవసరం లేకుండా, కిందటిసారి ఏ మందు ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి మొదలుపెడతారు.